మా ఊరి ఏకైక బడి బయటి బాలిక

ప్రజలు లేకపోయినా ప్రభుత్వం కొంతకాలం నడుస్తుంది. లబ్ధిదారు లేకపోతే పథకం ఒక్కరోజు కూడా నడవదు. మా నూజివీడు తోటల్లో మామిడికి పూత ఎంతో, పథకానికి లబ్ధిదారు అంత. ఈ సత్యం మా ఊరికి మేఘన వల్ల తెలిసింది. వయసు పదమూడు. చదువు ఏడో తరగతి పాసు. హోదా: 'బాలికా కిరణం' పథకం కింద మా ఊళ్ళో నమోదైన ఏకైక బడి బయటి బాలిక.

(పదకొండేళ్ళు నిండి, పద్నాలుగు నిండని, బడి మానేసిన ఆడపిల్లలకే ఈ పథకం. బడికి వెళ్ళేవాళ్ళకు వర్తించదు. వాళ్ళకు బడి ఉంది కదా అని కాబోలు.)

మేఘన బడి మానడం వెనుక పెద్ద కథేమీ లేదు. రెండేళ్ళ కిందట మామిడి కోతలప్పుడు వాళ్ళ నాయనమ్మ పుష్పవతమ్మ వసారాలో జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. తండ్రి సుభాష్‌కు సొంత తోట మూడెకరాలు, కౌలుకు తీసుకున్నది మరో రెండు. తల్లి హనుమాన్ జంక్షన్‌లో బట్టల షాపులో పనిచేస్తుంది, పొద్దున ఏడింటి బస్సెక్కితే చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరదు. పెద్దావిడను లేపి కూర్చోబెట్టడానికి, వేళకు మాత్రలు వేయడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. మిగిలిన మనిషి మేఘన. పది రోజులే అనుకున్నారు. బడి తెరిచారు, దసరా సెలవులిచ్చారు, మళ్ళీ తెరిచారు. హైస్కూలు వాళ్ళు చూసి చూసి పేరు కొట్టేశారు. కొట్టేసిన మూడో రోజుకల్లా అంగన్‌వాడీ టీచరు రేవతి ఆ పేరును పథకంలో రాసుకుంది. ప్రభుత్వం ఇంత చురుగ్గా కదలడం మా ఊరివాళ్ళు అంతకుముందు ఎరగరు.

పథకం ఇచ్చేవి మంచివే. నెలకు పాతిక గుడ్లు, రాగిపిండి, బెల్లం, పల్లీ చిక్కీలు, ఐరన్ మాత్రలు. (గుడ్లలో సగం నాయనమ్మ ఎముకకు వెళ్ళేవి. ఆ ఎముక పథకం పరిధిలోకి రాదు కాబట్టి ఈ విషయం ఎక్కడా రాయలేదు.) వీటికి తోడు ప్రతి శనివారం బాలికల సంఘం సమావేశం జరపాలని నిబంధన. సంఘానికి ఒక అధ్యక్షురాలు, ఒక కార్యదర్శి, కనీసం ఒక సభ్యురాలు ఉండి తీరాలి. మూడు స్థానాలకూ మేఘన ఏకగ్రీవంగా ఎన్నికైంది. రేవతి టీచరు రాసిన మినిట్స్ పుస్తకం నేను స్వయంగా చూశాను. 'పరిసరాల పరిశుభ్రతపై అధ్యక్షురాలు కుమారి మేఘన ప్రవేశపెట్టిన తీర్మానాన్ని కార్యదర్శి కుమారి మేఘన బలపరిచారు. సభ్యురాలు కుమారి మేఘన హర్షం వ్యక్తం చేశారు.' ఒకసారి మేఘనకు జ్వరమొస్తే కోరం లేక సమావేశం వాయిదా పడింది.

నెలకోసారి 'ఆడపిల్ల చదువు ఆవశ్యకత' అనే పన్నెండు పేజీల పుస్తకాన్ని కూడా పైకి చదివి వినిపించాలి. బడి బయటి బాలికను బడిలోకి రప్పించడం పథకం ఆశయాల్లో ఒకటి (అయిదోది). రేవతి ఎనిమిది నెలలు చదివింది. మేఘన ఎనిమిది నెలలు విన్నది. తొమ్మిదో నెలలో పథకం రాసినవాళ్ళు ఊహించని ప్రమాదం జరిగింది. మేఘన ఒప్పుకుంది.

అప్పటికి పుష్పవతమ్మ వాకర్ పట్టుకుని పెరటిదాకా వెళ్ళి రాగలుగుతోంది. నా మంచానికి ఈ పిల్లని ఇంకా ఎన్నాళ్ళు కట్టేస్తారని కొడుకును ఆవిడే నిలదీసింది. తానేం చెప్పబోయాడో సుభాష్‌కే తెలియదు, ఆవిడ చెప్పనివ్వలేదు. జూలైలో ఓ శనివారం మేఘన అంగన్‌వాడీకి వచ్చి, "టీచరుగారూ, సోమవారం నుంచి బడికెళ్తానండి" అంది.

రేవతి సంతోషించింది. చేతికందిన బెల్లం ముక్క మేఘన నోట్లో పెట్టింది. ఆ తర్వాత పథకం జాబితాలోంచి పేరు తీసేద్దామని ఫోను తెరిచింది. లబ్ధిదారు నిష్క్రమణకు కారణం ఎంచుకోమంది ఫోను. కారణాలు నాలుగే ఉన్నాయి: పెళ్ళి, వలస, వయసు దాటడం, మరణం. 'బడిలో చేరడం' లేదు. కిందికి జరిపింది, పైకి జరిపింది, ఫోను ఆపి మళ్ళీ పెట్టింది. చివరికి ప్రాజెక్టు అధికారి భాస్కరరావుకు ఫోన్ చేసింది.

భాస్కరరావు చెడ్డవాడు కాదు. జీపులో స్వయంగా వచ్చాడు. మేఘన నిర్ణయాన్ని అభినందించి, దాన్ని పథకం వయసు దాటేదాకా, అంటే జనవరిదాకా, వాయిదా వేసుకోగలదేమో కనుక్కున్నాడు. ఉన్న ఒక్క లబ్ధిదారూ పోతే ఊరికి పథకం పోతుందని, పథకం పోతే తన లక్ష్యంలో ఒకటి తగ్గుతుందని, వయసు దాటకముందే తగ్గితే పైనుంచి అడుగుతారని ఓపిగ్గా వివరించాడు. వలస అని రాద్దామా అని రేవతి అడిగింది. హైస్కూలు పక్కూళ్ళో, నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంది కదా అని ఆమె ఆలోచన. భాస్కరరావు దాన్ని తీవ్రంగానే పరిశీలించాడు. పొద్దున తొమ్మిదింటికి వలస వెళ్ళిన బాలిక సాయంత్రం నాలుగున్నరకు తిరిగొస్తే రోజూ కొత్తగా నమోదు చేయాలి. అంత సిబ్బంది లేరు.

వాయిదా మేఘనకు నచ్చలేదు. సోమవారం సైకిలెక్కి వెళ్ళిపోయింది. అక్కడ హెడ్‌మిస్ట్రెస్ కామేశ్వరి ఆమె పేరు ఎక్కించబోతే, ఈ బాలిక బడి బయట ఉన్నట్టు ఇప్పటికే నమోదై ఉంది, కావున బడిలో చేర్చుకోవడం కుదరదు అంది బడి కంప్యూటర్. కామేశ్వరి ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటివి చాలా చూసింది. "కంప్యూటర్ సంగతి నేను చూసుకుంటాను, నువ్వు పోయి కూర్చో అమ్మా" అని ఎనిమిదో తరగతి గది చూపించింది.

అలా మేఘన బడిలో ఉంటూ బడి బయట ఉన్న బాలిక అయింది. తనకంటే ఏడాది చిన్నవాళ్ళ పక్కన కూర్చునేది. రోజూ హాజరు పిలిచేటప్పుడు అందరి పేర్లూ అయిపోయాక, ఎవరూ పిలవకపోయినా, "ప్రెజెంట్ టీచర్" అని మెల్లగా తనే అనుకునేది. మధ్యాహ్న భోజనం లెక్కలో ఆమె లేదు కాబట్టి పథకం ఇచ్చిన గుడ్డునే ఇంట్లో ఉడకబెట్టి తెచ్చుకునేది. (ఒక శాఖ గుడ్డును మరో శాఖ వరండాలో కూర్చుని తినడం నిబంధనలకు విరుద్ధం. కామేశ్వరి అటు తిరిగి కూర్చునేది.)

నవంబరులో జిల్లా నుంచి తనిఖీకి ఒక మేడమ్ వచ్చింది. పదకొండు గంటలకు అంగన్‌వాడీలో బడి బయటి బాలికను చూడాలి. ఆ సమయానికి బాలిక లెక్కల పరీక్ష రాస్తోంది. భాస్కరరావు జీపు పంపించాడు. మూడో లెక్క సగంలో ఉండగా మేఘనను తీసుకొచ్చి, యూనిఫాం కనబడకుండా రేవతి చున్నీ కప్పి, పథకం బ్యానరు కింద కూర్చోబెట్టారు. మేడమ్ ఆమె చేతికి చిక్కీ పొట్లం ఇచ్చి, నీకు బడికి వెళ్ళాలని లేదా తల్లీ అని ఆప్యాయంగా అడిగింది.

మేఘన రేవతి వైపు చూసింది. రేవతి నేల చూసింది.

"వెళ్తున్నానండి. ఇప్పుడు కూడా పరీక్షలోంచే తీసుకొచ్చారు. తొందరగా పంపిస్తే మిగతా మూడు లెక్కలు చేసుకుంటానండి" అంది మేఘన.

మేడమ్ ఆమెను వెంటనే పంపించేసి, సమస్యను వారంలో పరిష్కరించమని భాస్కరరావును ఆదేశించింది. మేఘన వెళ్ళేసరికి పరీక్ష అయిపోయింది. కామేశ్వరి ఆమెను తన గదిలో కూర్చోబెట్టి మరో అరగంట ఇచ్చింది. అందులో రెండు లెక్కలు కుదిరాయి, మూడోది కుదరలేదు.

భాస్కరరావు ఆ ఆదేశాన్ని నిర్లక్ష్యం చేయలేదు. అయిదో రోజున సుభాష్‌ను ఆఫీసుకు పిలిపించి, టీ తెప్పించి, కంప్యూటర్ తెర అతనివైపు తిప్పి చూపించాడు. వలసకు పంచాయతీ సర్టిఫికెట్ కావాలి. మరణానికి ధ్రువపత్రం కావాలి. వయసు దాటడానికి ఇంకా రెండు నెలలుంది.

"పెళ్ళికి మాత్రం ఏ కాయితమూ అడగట్లేదండి. ఒక్క నొక్కు నొక్కితే అయిపోద్ది. రేపే బడిలో చేర్పించుకోవచ్చు."

"మా పిల్లకి పదమూడేళ్ళు సార్."

"పుట్టినతేదీ ఇక్కడే ఉందండి. అయినా ఇది అడ్డం చెప్పట్లేదు."

సుభాష్ టీ గ్లాసు బల్లమీద పెట్టేశాడు. "మీ కంప్యూటర్ ఒప్పుకున్నా నేనొప్పుకోను సార్" అని లేచి వచ్చేశాడు. ఇంటికొచ్చి జరిగింది చెప్పాడు. పుష్పవతమ్మ అన్న మాటలు అచ్చు వేయడానికి వీల్లేనివి. మేఘన మాత్రం, బడికి వెళ్తున్నానని చెప్పుకోవడానికి అందులో చోటే లేదా నాన్నా అని అడిగింది. చెట్లకు మందు కొట్టే పనుందని సుభాష్ తోటకు వెళ్ళిపోయాడు. ఆ రోజు మందు కొట్టే పనేమీ లేదు.

జనవరి ఇరవై మూడున మేఘనకు పద్నాలుగేళ్ళు నిండాయి. ఎవరినీ అడగకుండా, ఏ కాయితమూ లేకుండా, పథకం ఆమెను వదిలేసింది. అదేరోజు పదిన్నరకు కామేశ్వరి బడి కంప్యూటర్‌లో ఆమె పేరు ఎక్కించింది. మర్నాడు హాజరులో చిట్టచివర 'మేఘన' అని పిలిచినప్పుడు, ఆర్నెల్లుగా మెల్లగా అంటున్న పిల్ల ఎంత గట్టిగా పలికిందంటే పక్క గదిలో తెలుగు మాస్టారు పాఠం ఆపారు. ఏప్రిల్‌లో వార్షిక పరీక్షలు రాసి తొమ్మిదిలోకి వెళ్ళింది. లెక్కల్లో మంచి మార్కులే వచ్చాయి.

రేవతి టీచరుకు మాత్రం ఫిబ్రవరిలోనే ఒక మెమో వచ్చింది. గ్రామంలో బడి బయటి బాలికల సంఖ్య ఒకటి నుంచి సున్నాకు పడిపోయిందనీ, ఇది పథకం అమలులో తీవ్ర నిర్లక్ష్యమనీ, మీ పరిధిలో ఒక్క బాలిక కూడా బడి మానకపోవడానికి గల కారణాలను మూడు రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలనీ అందులో ఉంది. రేవతి రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజున, పద్నాలుగేళ్ళ సర్వీసులో ప్రతి మెమోకూ రాసిన జవాబే రాసి పంపింది.

'పొరపాటుకు చింతిస్తున్నాను. ఇకమీదట ఇలా జరగకుండా చూసుకుంటాను.'