టీచరుగారి పిల్లలు

ఆ రోజుకు బ్లాకు ఆఫీసు ఉద్యోగి భవానీప్రసాద్ వేసుకున్న పథకం చాలా సులువైనది. పెద్ద ఆఫీసరు జగన్నాథరావుగారు పొద్దుటి బస్సుకు బెజవాడ నుంచి నందిగామ వస్తారు. కాఫీ తాగుతారు. కిరసనాయిలు దీపం వేడితో గుడ్లు పొదిగే కొత్త యంత్రంలోంచి పిల్లలు బయటికి రావడం చూస్తారు. మెచ్చుకుని వెళ్ళిపోతారు. బ్లాకు ఆఫీసు పైకప్పు కారుతున్నందున యంత్రం ప్రసాద్ ఇంటి పెరటి వసారాలోనే ఉంది.

గుడ్లు మాత్రం చిట్లలేదు. మూతకు చెవి ఆనిస్తే లోపల సన్నగా కిచకిచలు వినబడుతున్నాయి, అంతే.

"గోరుతో పెంకు కాస్త వలిస్తేనో?" అన్నాడు భార్యతో.

"వలిస్తే పిల్ల దక్కదనీ, మూత తీస్తే తేమ పోయి పెంకుకి అతుక్కుపోతుందనీ ఊరందరికీ చెప్పింది మీరేగా," అంది కమలాకుమారి.

ప్రసాద్ పెంకు జోలికి పోలేదు. మూత మాత్రం తీశాడు. పక్కింట్లో ఉండే మిషన్ స్కూలు టీచరు సౌభాగ్యమ్మను బతిమాలి, ఆవిడ కోడి మొన్ననే పొదిగిన పిల్లల్ని తెచ్చి గుడ్ల మధ్య వదిలాడు. ఆఫీసరు చూడగానే తిరిగిచ్చే ఒప్పందం.

జగన్నాథరావుగారు ముందుగదిలో కాఫీ సగం తాగేసరికి సౌభాగ్యమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఈవిడ మిషన్ స్కూలు టీచరుగారండి," అన్నాడు ప్రసాద్ నీరసంగా.

"మా పిల్లల్ని పంపించేస్తారా ప్రసాదుగారూ? తల్లి ఒకటే గోల పెడుతోంది," అందావిడ.

"పిల్లలెక్కడున్నారమ్మా?" అన్నారు జగన్నాథరావుగారు.

"వెనక పెట్టెలోనండి. కింద దీపం పెట్టి, మీరొచ్చేదాకా మూతేసి ఉంచుతానన్నారు."

ఆయన గ్లాసు కింద పెట్టేశారు. "ఎంతమంది?"

"ఎనిమిదండి."

"ఊపిరాడుతుందా?"

"పైన చిల్లులున్నాయటండి."

జగన్నాథరావుగారు వసారాలోకి పరుగెత్తి మూత ఎత్తి పారేశారు. గంప కిందనుంచి తప్పించుకొచ్చిన తల్లికోడి అదే అదనుగా ఆయన భుజం మీదుగా పెట్టెలోకి దూకింది. ఆ కుదుపుకు కింద దీపం ఆరిపోయింది.

ఆయన కోడిపిల్లల్ని చూశారు, చిట్లని గుడ్లను చూశారు, చివరికి ప్రసాద్‌ను చూశారు. ప్రసాద్ దాచకుండా అంతా చెప్పేశాడు.

"నీ సంగతి పైకి రాయక తప్పదోయ్," అన్నారాయన. ఉద్యోగం పోయినట్టేననుకుని ప్రసాద్ స్తంభానికి ఆనుకున్నాడు.

తిరుగు బస్సు సాయంత్రానికి గాని లేదు. కోడి దగ్గరికి చెయ్యి పోనిస్తే పొడుస్తోంది. గుడ్ల మీద రెక్కలు పరిచి కదలనంది. మధ్యాహ్నానికి దాని పొట్ట కింద టిక్కుమంటూ ఒక పెంకు పగిలింది, తర్వాత మరొకటి. జగన్నాథరావుగారు పంచె సర్దుకుని నేల మీదే కూర్చుండిపోయారు.

"ఆ చివరిది ఇరుక్కున్నట్టుందయ్యా. కాస్త సాయం చేద్దామా?"

"వద్దండి. దానంతటదే రావాలి," అన్నాడు ప్రసాద్.

వచ్చింది. ఇలాంటి యంత్రాలు జిల్లా అంతటికీ కావాలని పట్టుబట్టింది తానేనన్న సంగతి బస్సెక్కే ముందు జగన్నాథరావుగారికి గుర్తొచ్చింది.

నందిగామ యంత్రం దివ్యంగా పనిచేస్తున్నదనీ, స్థానికంగా దొరికే ఒక చిన్న భాగాన్ని అమర్చుకుంటే చాలుననీ ఆయన పైకి రాశారు.