ఆరో నంబరు స్కీలు

మార్చి నెలాఖరు శుక్రవారం ఉదయం లొరెట్టా విన్‌స్లో వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. ఎండెక్కక ముందే కొండ ముందు వాలు మీద, గాజులా గడ్డకట్టిన మంచులో ఏడు జతల స్కీలూ తొక్కి చూడాలి. మధ్యాహ్నానికి అదే వాలు కరిగి ముద్దవుతుంది కాబట్టి మళ్లీ ఏడూ తొక్కాలి. ఆ రెండింట్లోనూ నెగ్గిన జతను చివర్లో ఉత్తరం వైపు చెట్లలోకి, ఎండ సోకని పిండి మంచులోకి తీసుకెళ్లాలి. నాలుగింటికల్లా తీర్పు రాసిచ్చి, ఇంటికెళ్లి మోకాళ్లకు ఐసు పెట్టుకోవాలి.

అమెరికాలో, ఐడహోలోని ఆ కొండ మీద స్కీయింగ్ నేర్పే లొరెట్టాకు యాభయ్యారేళ్లు. ఏటా ఒక స్కీ పత్రిక ఆడవాళ్ల స్కీలను పరీక్షించి ప్రత్యేక సంచిక వేస్తుంది. పదిహేడేళ్లుగా దాని మొదటి పేజీలో ప్రధాన పరీక్షకురాలిగా ఉన్నది ఆమె పేరే. ఆడవాళ్ల స్కీల పేరుతో కంపెనీలు అంటగట్టే సరుకంటే మాత్రం ఆమెకు ఒళ్లు మంట. మగవాళ్ల స్కీని నాలుగంగుళాలు కోసి, లోపలి చెక్కను నీరసపరిచి, పైన ఊదారంగు పువ్వు వేస్తే అది ఆడవాళ్ల స్కీ అయిపోతుందని ఆ ఇంజనీర్ల నమ్మకం. గడ్డకట్టిన వాలు మీద ఆ పువ్వు పట్టు ఇస్తుందేమో వాళ్లనే అడగండని ఆమె ఏటా రాసేది. ఏటా పత్రికవాళ్లు ఆ వాక్యం కొట్టేసేవారు.

ఈసారి పత్రికకు గ్రేడీ పెన్‌హాలో అనే కొత్త సంపాదకుడు వచ్చాడు. మొన్నటిదాకా సైకిళ్ల పత్రిక నడిపినవాడు. స్కీలెక్కడం నేర్చుకుని మూడు శీతాకాలాలే అయింది, అదీ హెల్మెట్‌కు కెమెరా తగిలించుకుని. వచ్చీ రాగానే ఖర్చని ఆరుగురు పరీక్షకురాళ్లలో ఐదుగురిని తీసేశాడు. మిగిలిన లొరెట్టా కూడా పేరు చూసి, రంగు చూసి తిడుతుందే తప్ప స్కీని చూసి కాదని అతని వాదం. ఏది ఆడదాని కోసం పుట్టిన స్కీయో, ఏది కత్తిరించిన మగ స్కీయో తన పాదాలే చెబుతాయని ఆమె అంది. అలాగైతే అన్నిటికీ నల్ల టేపు చుట్టి నంబర్లు వేస్తానన్నాడు. తప్పు చెబితే ఏం చేద్దామని కూడా అడిగాడు.

"తప్పు చెబితే నా పేరు తీసెయ్ నాయనా," అంది లొరెట్టా. "సరిగ్గా చెప్పానా, పెద్ద అక్షరాల్లో వెయ్యాలి. నువ్వా కుర్చీలో ఉన్నన్నాళ్లూ తియ్యకూడదు."

గ్రేడీ తెల్లవారుతూనే క్యాంటీన్ బయట స్కీలు ఆనించే కర్రకు తన ట్రక్కులోంచి దించిన జతలను వరసగా ఆనించి టేపు చుట్టడం మొదలుపెట్టాడు. ఐదు జతలయ్యేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. లోపలికెళ్లి కాఫీ తాగి, దాల్చిన చెక్క రొట్టె తిని, అరచేయంత వెడల్పున్న చక్కెర పూతను నాకి, తీరిగ్గా బయటికొచ్చాడు. కర్రకు ఆనించి ఉన్న మిగిలిన రెండు జతలకూ టేపు చుట్టి ఆరు, ఏడు అంకెలు అంటించాడు. మొత్తం ఏడు లెక్క తేలింది కాబట్టి ఇంక ఆలోచించలేదు. ఆలోచించడం అతని అలవాట్లలో లేదు.

గట్టి మంచు మీద మొదటి ఐదు జతలూ లొరెట్టా అనుమానాలను వమ్ము చేయలేదు. ఒకటో నంబరు జారింది. మూడోది వణికింది. నాలుగోది మలుపు తిరగమంటే సలహా అడిగినట్టు ఆగింది. ఆరోది తొడుక్కుని రెండు మలుపులు తిరిగాక మాత్రం ఆమె నమ్మలేక మరో మలుపు తిరిగి చూసింది. అంచు గాజును కోసినట్టు మంచును కోసుకుపోతోంది. బరువు మడమ మీద పడ్డా పారిపోలేదు, వేళ్ల మీద పడ్డా మొరాయించలేదు. బూటు కూడా కొలిచి చేయించినట్టు టక్కున బిగిసింది. ఆ పుణ్యం కూడా తయారుచేసినవాళ్ల ఖాతాలోనే వేసింది. మధ్యాహ్నం ముద్ద మంచులో మిగతావన్నీ ఎక్కడికక్కడ కూరుకుపోతే, ఆరోది ఇస్త్రీ పెట్టెలా సాగిపోయింది.

తీగకు వేలాడే కుర్చీల లిఫ్టులో కొండపైకి వెళుతూ ఆమె తీర్పు కాగితం నింపేసింది. ఒక్క పిండి మంచు గడి మాత్రమే మిగిలింది.

ఆ వేళకి కింద వేరే గొడవ నడుస్తోంది. ఆల్మా కెస్లర్ అనే డెబ్బయ్యొక్కేళ్ల పెద్దావిడ ఉదయం క్యాంటీన్లో టిఫిన్ చేసి వచ్చేసరికి బయట ఆనించిన ఆవిడ స్కీలు మాయమయ్యాయి. కొండ కాపలా జట్టుకు చెందిన డ్యూయీ రాంకిన్ ఫిర్యాదు రాసుకున్నాడు. పదేళ్ల ఉద్యోగంలో అతనికి దొరికిన మొదటి దొంగతనం అది. పార్కింగ్ గేటు మూయించాడు, కార్ల డిక్కీలు తెరిపించాడు. ఆనవాలు తెలియకుండా నిలువెల్లా నల్ల టేపు చుట్టిన స్కీలతో ఒకామె పొద్దుటినుంచీ తెగ తిరుగుతోందని లిఫ్టు నడిపేవాడు చెప్పగానే, కేసు తేలిపోయిందనుకుని మంచు బండెక్కి శిఖరానికి పోయాడు.

లిఫ్టు దిగిన లొరెట్టాను ఆమె దగ్గర నేర్చుకునేవాళ్లు పన్నెండుమంది చూస్తుండగా ఆపి, టేపు విప్పమన్నాడు. విప్పితే పరీక్ష పాడవుతుంది, పదిహేడేళ్ల పేరూ పోతుంది. అందుకని కుదరదంది. దొంగలు కూడా కుదరదనే అంటారు కాబట్టి డ్యూయీ అనుమానం రూఢి చేసుకున్నాడు.

"పది నిమిషాలాగు బాబూ. చెట్లలోంచి ఒక్కసారి దిగొస్తే నా పని అయిపోతుంది," అంది.

"మీరు ఒక్క అడుగు కదిలినా పారిపోయినట్టే రాసుకుంటాను మేడమ్."

ఆమె కదిలింది. డ్యూయీ మంచు బండితో వెంటపడ్డాడు. గట్టి వాలు మీద కాస్త దగ్గరకొచ్చాడు కూడా. ఆమె ఉత్తరం వైపు చెట్లలోకి తిరగగానే అతనూ తిరిగాడు. పిండి మంచులో బండి నడుముదాకా దిగిపోయింది, పైన డ్యూయీ మిగిలాడు. అక్కణ్ణుంచే రేడియోలో లిఫ్టు ఆపమని ఉత్తర్విచ్చాడు. పారిపోతున్నది కిందికైతే పైకి పోయే లిఫ్టు ఎందుకాపాలో ఎవరూ అడగలేదు. నలభైమంది కాళ్లు వేలాడేసుకుని ఇరవై నిమిషాలు గాల్లో ఉండిపోయారు. లొరెట్టాకు ఇవేవీ పట్టలేదు. మోకాళ్లను మించిన మంచులో ఆరో నంబరు స్కీలు తేలుతుంటే, ముప్ఫై ఏళ్ల కిందటి మోకాళ్లు తిరిగొచ్చినట్టు, మనిషి లేనిచోట పెద్దగా నవ్వుకుంటూ దిగింది.

కింద నలుగురు కాపలావాళ్లు, ఆల్మా, గ్రేడీ ఎదురుచూస్తున్నారు. లొరెట్టా ముందు చివరి గడి నింపి, ఆ తర్వాతే స్కీల మీంచి దిగింది. టేపు లాగేస్తే లోపలినుంచి పాతబడ్డ ఎలుగుబంటి బొమ్మ, దాని కింద మేకుతో గీకిన ఆర్విల్ అన్న పేరు బయటపడ్డాయి. అవి మా ఆయన పేరున్న నా స్కీలేనంది ఆల్మా. గ్రేడీ జాబితా ప్రకారం ఆరో నంబరు వేరే కంపెనీది. పరుగెత్తుకెళ్లి చూస్తే ఆ జత అతని ట్రక్కులోనే, ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా పడుంది.

తప్పు తనదని తేలినా గ్రేడీ మొహం వాడలేదు, వెలిగింది. లొరెట్టా చేతిలోని కాగితం తీసుకుని అందరికీ వినపడేలా చదివాడు. ఈ స్కీని ఒక ఆడది, ఆడదాని ఒంటి బరువు తెలిసినది, తన చేతులతో చేసిందని, ఏ మగ ఇంజనీరుకూ ఇది చేతకాదని రాసి ఉంది.

"ఎలుగుబంటి బొమ్మ," అన్నాడు గ్రేడీ. "ఆర్విల్ గారి స్కీలు. పేరు తీసేద్దామా మరి?"

లొరెట్టా బూట్లకేసి చూసుకుంది. పాదాలు అబద్ధం చెప్పాయన్న బాధ ముందు పేరు పోవడం ఆమెకు చిన్నగానే తోచింది.

"ఆర్విల్ స్కీలెక్కిందెప్పుడు," అంది ఆల్మా. "ఆయనకు మంచంటేనే గిట్టేది కాదు. మూతపడ్డ స్కీల ఫ్యాక్టరీ ఉంది చూశావూ, అందులో ఇరవై రెండేళ్లు ప్రెస్సు దగ్గర నిలబడ్డాను. ఆడవాళ్లకోసం కూడా చేద్దామంటే మా మేనేజరు నవ్వాడు. అందుకని షిఫ్టయ్యాక నా కోసం నేనే చెక్క కోసుకుని, అతికించుకుని ఒక్క జత చేసుకున్నాను. పైన వెయ్యడానికి ఆ బొమ్మే మిగిలింది. మగవాడి పేరు గీకితే గేటు దగ్గర ఎవరూ అడగలేదు." తర్వాత లొరెట్టా వైపు తిరిగి, "పిండి మంచులో కూడా బాగా పోయాయా అమ్మాయ్? నాకు ఈమధ్య అటు పోయే ధైర్యం చాలడం లేదు," అని అడిగింది.

తేలాయని లొరెట్టా చెప్పింది.  మిగిలిన సాయంత్రమంతా ఆ ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, టేపు జిగురు గోళ్లతో గీకుతూ, మగ మేనేజర్లను వరసపెట్టి తిట్టుకున్నారు. డ్యూయీని మంచులోంచి తవ్వి తీసుకొచ్చిన సంగతి కూడా గమనించలేదు.

సంచిక అక్టోబరులో వచ్చింది. లోకంలో ఒక్కటే ఉన్న జతకు బహుమతి ఇస్తే పాఠకులు కొనుక్కునేదెలా అని గ్రేడీ వాదం. అందుచేత జాబితాలోని ఆరో నంబరుకే, అంటే ట్రక్కులో కవరు విప్పకుండా పడున్న జతకే, మొదటి బహుమతి వెళ్లింది; వెనక అట్ట మీద ప్రకటన వేయించినది కూడా ఆ కంపెనీయే. లొరెట్టా రాసిన పొగడ్త ఒక్క అక్షరం పోకుండా దాని కిందే అచ్చయింది. గెలిచిన పందెం ప్రకారం ఆమె పేరు అరంగుళం ఎత్తున, పక్కనున్న ఊదారంగు పువ్వు కంటే పెద్దగా వేశారు.

పరీక్ష జరిగిన రోజంతా ఈ జత మీద ఒక్క ఫిర్యాదు కూడా రాలేదని ఆ పేరు కింద ఒక వాక్యం ఉంది, సంచిక మొత్తంలో నిజమదొక్కటే.