మారిషస్ మంత్రం

అయ్యా, అమ్మా! పిల్లలు విదేశాలకు పోతే మన భాష మరిచిపోతారని ఏడ్చేవాళ్లంతా కాసేపు నోరు మూసుకోవాలి. భాష బాగుపడాలంటే విదేశమే గతి! నవ్వకండి. పుదుచ్చేరిలో, సారం అనే పేట కాపురస్తురాలు కవిప్రియకు 2007 ఎండాకాలంలో జరిగింది వినండి.

కవిప్రియ అప్పుడు ఎం.ఏ. ఫ్రెంచి చదువుతోంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కాలేజీలో ఫ్రెంచి. ఇన్ని భాషలున్న పిల్లకు కొదవేముంది? ఫ్రెంచి టీచర్లు కాబోయేవాళ్లకు ఫ్రాన్సులో, లియోన్‌లో ఆరు వారాల సమ్మర్ కోర్సు ఉందంటే స్కాలర్‌షిప్పుతో సహా సీటు తెచ్చుకుంది. నాయన సుధాకరన్ ఆ ఉత్తరాన్ని లామినేషన్ చేయించాడు. టీ అంగడిలో చూపించాడు. కరెంటు రీడింగుకు వచ్చినాయనకు చూపించాడు. పన్ను పీకించుకోవడానికి పోయి, నోరు తెరిచే ముందు డాక్టరుకూ చూపించాడు!

అవ్వ కుప్పమ్మాళ్‌కే అనుమానం. "అంత దూరం పొయ్యి ఏంది పాపా నేర్చేది? ఫ్రెంచోళ్లే ఈడికొచ్చి ఉండిరి గదా!"

ఫ్రాన్సులో మొదటిరోజు క్లాసులో టీచరమ్మ, ఎవరి పేరు వాళ్ల మాతృభాషలో బోర్డు మీద రాయమంది. "నాది తెలుగు" అని గర్వంగా చెప్పి, కవిప్రియ తమిళ అక్షరాల్లో రాసేసింది. ఆమెకు వచ్చినవి అవే మరి! లియోన్‌లో ఎవరు పట్టుకుంటారు?

పట్టుకున్నారు! వెనక బెంచీలోంచి మారిషస్ అమ్మాయి దేవికా అప్పయ్య లేచింది. "అది తెలుగు కాదు" అని ఫ్రెంచిలో చెప్పి, సుద్దముక్క తీసుకుని గుండ్రంగా 'కవిప్రియ' అని రాసింది. తన పేరు అంత అందంగా ఉంటుందని కవిప్రియకు ఇరవై రెండో ఏట తెలిసింది. చెవులు మండిపోయాయి.

మధ్యాహ్నం క్యాంటీన్లో దేవికను పట్టుకుని తెలుగులో కడిగేసింది. "ఏందమ్మే, నీ ఒక్కదానికేనా తెలుగు వచ్చేది?"

దేవిక బిక్కమొహం వేసింది. ఒక్క ముక్క అర్థం కాలేదు! ముత్తాతల నాడు ఓడెక్కిన తెలుగులో ఆమెకు అక్షరాలు మిగిలాయి, బడిలో నేర్పారు కాబట్టి. మాట ఎప్పుడో జారిపోయింది. కవిప్రియది సరిగ్గా తిరగేసిన కథ. ఇద్దర్నీ కలిపి కుడితే ఒక తెలుగుమనిషి!

సంగతి తేలాక ఇద్దరూ పడీపడీ నవ్వారు. అప్పుడు దేవిక సంచిలోంచి ఒక జెరాక్సు కాగితం తీసింది. నూరేళ్ల నాటి ఉత్తరం. అసలుది వాళ్ల పూజగదిలో పసుపు కుంకాలతో ఉంది. పండగనాడు ఇంటిల్లిపాదీ నిలబడి చదివి కళ్లకద్దుకుంటారు. అర్థమా? మంత్రానికి అర్థం అడిగేవాళ్లు ఎక్కడైనా ఉంటారా!

దేవిక భక్తిగా కూడబలుక్కుంటూ చదివింది. కవిప్రియ కళ్లు మూసుకుని వింది.

"ఒరే తమ్ముడూ, చెప్పకుండా నా గొడుగు పట్టుకుని ఓడెక్కినావు. రెండు వానాకాలాలు తడిసినాను..."

"ఇది మంత్రం కాదు తల్లీ, తిట్లు!" అంది కవిప్రియ ఫ్రెంచిలో. దేవిక తెల్లబోయింది. తర్వాత నవ్వు ఆపుకుంటూ చివరి వరుస చదివింది.

"గొడుగు పోతే పోనీ. నువ్వు రా."

ఈసారి కవిప్రియ ఆ వరుసను ఇంకోసారి చదివించుకుని అర్థం చెప్పింది. విన్నాక, దేవిక ఆ కాగితాన్ని చాలాసేపు మడవలేదు.

ఆ సాయంత్రం నుంచి ఒకరు అక్షరాలు, ఒకరు మాటలు నేర్పుకున్నారు. ఆదివారం సుధాకరన్ ఫోన్ చేశాడు. "ఫ్రెంచి బాగొస్తా ఉందా పాపా?"

"ఒత్తులే కష్టంగా ఉండాయి నాయనా."

ఫ్రెంచిలో ఒత్తులు మహా కష్టమట అని సాయంత్రానికల్లా టీ అంగడికంతా తెలిసిపోయింది!

ఆగస్టులో తిరిగొచ్చిన కూతుర్ని సుధాకరన్ వీధివాళ్ల ముందు కూర్చోబెట్టాడు. "నేర్చింది చూపించు!" అన్నాడు. ఆమె పాత క్యాలెండరు కాగితం వెనక తెలుగులో 'కుప్పమ్మాళ్' అని రాసి అవ్వ చేతికిచ్చింది.

అవ్వ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. డెబ్బై ఏళ్లుగా ఆ భాషలోనే తిట్టింది, పాడింది, ఏడ్చింది. దాని మొహం చూడటం మాత్రం అదే మొదలు.

"బాగుందే! నేనూ నేర్చుకుంటా. ఈడ యాడ నేర్పిస్తార్రా సుధాకరా?"

సుధాకరన్ వీధివాళ్ల వైపు చూశాడు. వీధివాళ్లు ఫ్యాను వైపు చూశారు.

"కాఫీ తెస్తానుండండి" అని సుధాకరన్ లోపలికి పోయాడు.