సీ అంటే ఊఁ

ఆ విశ్వవిద్యాలయంలో అర్థం కాకుండా దేనికి తలూపినా అది సాయంత్రానికల్లా అమలైపోయేది. స్పెయిన్‌లో సముద్రం ఒడ్డునున్న ఆ ఊళ్లో ఇదేమీ వింత కాదు. భోజనవేళలు, ట్రాము మారే చోట్లు చెప్పినట్టే విదేశీ విద్యార్థులకు మొదటిరోజున దీన్నీ చెప్పారు. చెప్పింది స్పానిష్‌లో గనక చోడిపల్లి దమయంతికి అర్థం కాలేదు. తలూపింది.

దమయంతిది శ్రీకాకుళం జిల్లాలో ఒక చేపల రేవు. సముద్రశాస్త్రం చదవడానికి ఉపకారవేతనం మీద వచ్చింది. బయల్దేరేముందు కొన్నాళ్లు ఫోనులో స్పానిష్ నేర్చుకుంది. 'పిల్లి పాలు తాగుతోంది', 'మా మావయ్య ఎర్ర టోపీ కొన్నాడు' వంటి వాక్యాలు తప్పుల్లేకుండా అనగలదు. ప్రొఫెసర్ ఒలివారెస్ పాఠంలో పిల్లీ రాలేదు, మావయ్యా రాలేదు. కెరటాల గురించి ఆయన కెరటాల్లాగే మాట్లాడేవాడు. ఒక మాట ఒడ్డుకు చేరేలోపు వెనక మాట వచ్చి దానిమీద పడేది. మధ్యమధ్య ఆగి, ఏదో అడిగి, అందరి ముఖాలూ చూసేవాడు. తరగతి తలూపేది. దమయంతి కూడా "సీ" అనేది. సీ అంటే మన ఊఁ లాంటిదే.

మొదట గది పోయింది. ఆ సాయంత్రం హాస్టలుకు వెళ్లేసరికి ఆమె మంచం మీద ఎవరో బెల్జియం అమ్మాయి కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటోంది. దమయంతి పెట్టె బట్టలుతికే గదిలో ఉంది, పక్కనే ఒక మడత మంచం. విదేశీ విద్యార్థుల కార్యాలయంలో కన్సువేలో అనే పెద్దావిడ చాలా మర్యాదస్థురాలు. చిన్నపిల్లకు ముద్దలు పెట్టినట్టు ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"పొద్దున అడిగారు కదమ్మా. మీరు సరేనన్నారు."

"నాకు అర్థం కాలేదండి."

"అర్థమైందా అని ఎవరూ అడగలేదు. సరేనా అని అడిగారు."

ఆ తరువాత పేరు పోయింది. హాజరు పిలిచేటప్పుడు ఆమెను ఇనెస్ అన్నారు. అసలు పేరు పలకడానికి నోరు తిరగడం లేదని తరగతిలో తీర్మానం చేశారట, ఆమె కూడా ఒప్పుకుందట. తరువాత ఎడమ చెవి. శబ్దాల ప్రయోగశాలకు ఒక చెవి వినికిడి కావలసి వచ్చింది. నొప్పేమీ లేదు. మెట్లు దిగుతుంటే ఆ పక్కనున్న లోకం తలుపు వేసుకుంది, అంతే. అయితే ఒక్క చెవితో పాఠం ఇంకా తక్కువ అర్థమయ్యేది. అర్థం కాని కొద్దీ ఎక్కువ తలూపవలసి వచ్చేది. పడుకోబోయేముందు వేళ్లన్నీ ఉన్నాయో లేదో తడిమి చూసుకోవడం అలవాటైంది.

తలూపకుండానూ ఉండవచ్చు. నియమాలు అందుకు అడ్డురావు. పోలండ్ నుంచి వచ్చిన తోమాష్ చేరిన కొత్తలోనే లేచి నిలబడి "నాకు అర్థం కాలేదు" అన్నాడు. ప్రొఫెసర్ సంతోషించాడు. అర్థం కాని విద్యార్థికి అర్థమయ్యేదాకా చెప్పడం విశ్వవిద్యాలయం బాధ్యత. తోమాష్‌ను వరండా చివరి గదిలో కూర్చోబెట్టి చెప్పడం మొదలుపెట్టారు. చలికాలం వెళ్లిపోయినా చెబుతూనే ఉన్నారు. అధ్యాపకులు వంతులవారీగా లోపలికి వెళ్లి వచ్చేవారు. దమయంతి అటు నడవవలసి వచ్చినప్పుడు వినబడని చెవిని ఆ తలుపు వైపు ఉంచుకుని నడిచేది. అయినా వినబడేది. అదే వాక్యం, అదే వేగం, చివర అదే ప్రశ్న. మొదట్లో తోమాష్ గొంతు కూడా వినిపించేది.

తరగతిలో పక్కన కూర్చునే బెగోన్యా ఆ ఊరి పిల్లే. ఒకరోజు క్యాంటీన్‌లో దమయంతి మాటలు కూడబలుక్కుని ఆమెను అడిగింది.

"ఇవాళ చివర్లో ఆయన అడిగిందేమిటి?"

"నాకేం తెలుసు."

"నీది స్పానిషే కదా."

"అదే తంటా. నీకు భాష రాదు గనక, అర్థం కాలేదని నీకు తెలుస్తుంది. మాకు అదీ తెలియదు."

బెగోన్యా ఎడమచేత్తో ఫోర్కు పట్టుకుని ఆమ్లెట్ తుంచుకుంది. ఆమె చొక్కా కుడిచెయ్యి ఖాళీగా ఉంది, మడిచి పిన్ను పెట్టి ఉంది. "మా అమ్మమ్మ తలూపి ఇల్లు పోగొట్టుకుంది. నాన్న ఉద్యోగం పోగొట్టుకున్నాడు. నాది చెయ్యి," అంది.

"భయం వెయ్యదా?"

"ఒక్కదాన్నే ఊపితే వేస్తుంది. అందరితో కలిసి ఊపుతాను కదా."

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం, ట్రాము కోసం నిలబడి ఉండగా, ఊరి నుంచి అక్క నూకాలు ఫోను చేసింది. తెలుగు చెవిన పడగానే దమయంతికి కళ్లు చెమర్చాయి. ప్రతి మాటా తనంతట తానే లోపలికి వచ్చి కూర్చుంటోంది.

"ఏటే, తిన్నావేటి?"

"తిన్నానక్కా. బావ ఎలాగున్నాడు?"

"బాగానే ఉన్నాడు. నిన్న మనూరికి పెద్దపెద్ద ఆపీసర్లొచ్చినారే. సామియానా ఏసినారు, అందరికీ మజ్జిగిచ్చినారు. ఏదో కంపినీ కాయితమట, ఇంగిలీసులో సదివినారు. ఎంత బాగా సదివినాడనుకున్నావు ఆ కుర్రోడు. ఆకర్న సరేనా అని అడిగితే అందరం ఊఁ అన్నాం."

"అందులో ఏటుందో ఎవరూ అడగలేదా అక్కా?"

"పోలయ్య తాత అడిగినాడు. ఇవరంగా సెప్తామని జీపెక్కించుకుని ఎల్నారు. ఇంకా రాలేదు."

"అక్కా..."

"మనింటి ఏలిముద్రొక్కటే మిగిలిపోనాది. మా సెల్లి సదూకున్నది, దాన్నడిగి సెప్తానన్నాను..."

అక్క ఇంకేదో అడిగింది. అప్పుడే ట్రాము గంట కొట్టుకుంటూ మలుపు తిరిగింది. వినబడే ఆ ఒక్క చెవిలో ఇనుము రాసుకున్న చప్పుడు నిండిపోయింది. ప్రశ్న చివర సాగదీత మాత్రం అందింది. మళ్లీ చెప్పమని అడగాలనుకుంది. మాట నాలుక దాకా వచ్చింది. కాని మళ్లీ చెప్పమని అడిగి నెలలు గడిచిపోయాయి. అడిగినవాళ్లు ఏమయ్యారో ఆమెకు తెలుసు. మెడ దానంతట అదే కదిలింది.

"ఊఁ," అంది.

"అయితే సరే," అంది అక్క, గుండె తేలికపడ్డట్టు. "బావకి సెప్పీస్తాను."

ట్రాము తలుపులు తెరుచుకున్నాయి. పాఠానికి వేళవుతోంది. దమయంతి ఎక్కి, కిటికీ పక్క సీటులో కూర్చుని, ఫోను ఒళ్లో పెట్టుకుంది. బయట ఎండ ఇంకా నడినెత్తి దిగలేదు. ఊళ్లో అప్పటికే సాయంత్రమైపోయి ఉంటుంది.