జవహర్‌కు పాయింట్లు తక్కువయ్యాయి

శుక్రవారం పొద్దున్న జవహర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. విమాన సంస్థ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి ఒక సందేహం తీర్చుకోవాలి, తర్వాత బండి మీద మేళ్లచెరువు వెళ్లి సిమెంటు ఫ్యాక్టరీలో డ్యూటీ ఎక్కాలి. ఫోను మాత్రం ఇంట్లోవాళ్ల చెవిన పడకూడదు. అందుకని నోట్లో బ్రష్షు పెట్టుకుని, కోదాడలోని తమ కిరాయి ఇంటి వెనక బట్టలుతికే బండ దగ్గరికి వెళ్లాడు.

జవహర్ తల్లి మంగ్లీ అద్దాల కుట్టులో చెయ్యి తిరిగిన మనిషి. వచ్చే నెల ఢిల్లీలో జరిగే చేతిపనుల మేళాలో ఆమెకు ఒక స్టాలు ఇస్తామని ఉత్తరం వచ్చింది. ఆమెకూ, తోడు వెళ్లే కోడలు జమునకూ స్లీపర్ రైలు టికెట్లు ఇస్తారట. మంగ్లీ మోకాళ్ల సంగతి చూస్తే, కోదాడ నుంచి సూర్యాపేట దాకా బస్సులో కూర్చుంటేనే దిగేటప్పుడు ఇద్దరు పట్టుకోవాలి. ఇరవై ఆరు గంటల రైలు అనేసరికి ఆమె ఉత్తరాన్ని మడిచి బట్టల పెట్టెలో అడుక్కి పెట్టేసింది. "విమానంల పోదువు యాడీ" అని కొడుకు తమ లంబాడీ మాటలో అమ్మను పిలిచి అంటే, "గా పైసలకు రెండు మేకలొస్తయ్" అని తేల్చేసింది. అంటే ఆమెను విమానం ఎక్కించాలంటే టికెట్టు ఊరికే రావాలి. వచ్చిన తర్వాతే చెప్పాలి. జమునకు చెబితే సాయంత్రానికల్లా అత్తకు తెలిసిపోతుంది.

ఊరికే వచ్చే దారి జవహర్ దగ్గర ఉంది. రెండేళ్ల కింద ఫ్యాక్టరీ తనిఖీకి వచ్చిన ఒక ఇంజనీరు, విమాన సంస్థ పేరు మీద ఉండే క్రెడిట్ కార్డు సంగతి చెప్పి వెళ్లాడు. ఖర్చుపెట్టిన ప్రతి వందకూ కొన్ని పాయింట్లు, చాలినన్ని పోగైతే టికెట్టు. ఆనాటినుంచి జవహర్ కార్డు గీకే మిషను లేని కొట్లో అగ్గిపెట్టె కూడా కొనలేదు. మంగళవారం పెట్రోలుకు రెట్టింపు పాయింట్లని తెలిశాక, సోమవారాలు బండిని తోసుకుంటూ ఇంటికి వచ్చేవాడు. అట్లా ముప్పై ఏడు వేల ఆరు వందలు పోగయ్యాయి. రెండు టికెట్లకు నలభై వేలు కావాలి. తీరా చూస్తే, మందుసీసాలకున్నట్టే పాయింట్లకూ గడువుంటుందని మొన్ననే తెలిసింది. ఆ గడువు రేపు శనివారం.

"మేడమ్, నా పాయింట్లు మస్తు తక్కువున్నయ్" అన్నాడు ఫోన్లో మెల్లగా. "రేపు దాటితే ఇగ ఖతమేనా? మళ్ల రావా?" అవతలి మాట విని కొంచెం తేరుకున్నాడు. "ఓ, కొత్తోళ్లు పన్నెండు మంది కావాల్నా? ఇంతకుముందు ఇయ్యనోళ్లే ఉండాల్నా? సరే మేడమ్, అడుగుత. లేదు, ఇంట్ల ఎవ్వరికీ చెప్పలే. పైకి పోయే రోజు దగ్గరికొస్తే అప్పుడే చెప్తా."

కొత్తగా ఒకరి ఫోన్ నంబరు ఇచ్చి సంస్థలో సభ్యునిగా చేర్పిస్తే రెండు వందల పాయింట్లు అప్పటికప్పుడు పడతాయని ఆ అమ్మాయి చెప్పింది. పన్నెండు మందిని చేర్పిస్తే లోటు తీరుతుంది. జవహర్ తేలికపడి పుక్కిలించి ఉమ్మేసి, లోపలికి వెళ్లాడు.

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న జమున చేతిలోంచి తడి చీర జారి కింద పడింది.

జమున అంగన్‌వాడీ టీచరు. పాయింట్లంటే ఆమెకు తెలిసింది ఒకటే, ఒంట్లో రక్తం. "నీకు ఎనిమిది పాయింట్లే ఉంది, గోలీలు మింగుతున్నవా లేదా" అని గర్భిణులను అడగడమే పదేళ్లుగా ఆమె పని. భర్తకు పాయింట్లు తక్కువ. రేపు దాటితే ఖతం. రక్తమిచ్చేవాళ్లు పన్నెండు మంది కావాలి. పైకి పోయే రోజు దగ్గరికొస్తేనే ఇంట్లో చెబుతాడట. నేరుగా వెళ్లి నిలదీద్దామనుకుంది కానీ, రోగిని భయపెట్టొద్దని శిక్షణలో చెప్పిన మాట గుర్తొచ్చి ఆగిపోయింది. కళ్లు తుడుచుకుని, టిఫిన్ డబ్బాలో రెండు ఉడికించిన గుడ్లు ఎక్కువ పెట్టి భర్తను సాగనంపింది. తర్వాత మిర్యాలగూడలో ఉన్న ఆడబిడ్డ నీరజకు ఫోన్ చేసింది.

ఫ్యాక్టరీలో జవహర్ పని సాగలేదు. "అన్నా, నీ నంబర్ కొడుత, ఓటీపీ వస్తది, జర చెప్పు" అంటే ఎవరైనా నవ్వి చెబుతారనుకున్నాడు. పక్క సీటు బిక్షపతి ఫోను తీసి జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

"ఓటీపీ అడిగితే సొంత తమ్ముడైనా నమ్మొద్దని పోలీసోళ్లు మొన్ననే మీటింగ్ పెట్టి చెప్పిండ్రు" అన్నాడు.

"నేను పదకొండేండ్ల నుంచి నీ పక్కనే కూసుంటున్న గదా."

"గట్లాంటోళ్లే అడుగుతరన్నరు."

మధ్యాహ్నానికి జవహర్ కూర్చున్న బల్ల దగ్గర ఎవరూ అన్నం తినడానికి రాలేదు. అదే సమయానికి జమున బిక్షపతికి ఫోన్ చేసింది.

"అన్నా, ఆయన గాడ ఎట్లున్నడు?"

"పొద్దటిసంది తేడాగనే ఉన్నడమ్మా. కనబడ్డోళ్లందరి నంబర్లు అడుగుతుండు."

జమునకు దుఃఖం ఆగలేదు. పాపం, రక్తమిచ్చేవాళ్లను తనే వెతుక్కుంటున్నాడు. ఆమె ఏడుస్తూ చెప్పిన సంగతి విని బిక్షపతి కుర్చీలోంచి లేచాడు.

సాయంత్రం ఇంటికొచ్చిన జవహర్‌కు పళ్లెంలో మేక కార్జం వేపుడు, బీట్‌రూట్ కూర, పక్కన ఒలిచిన దానిమ్మ గింజలు, ఖర్జూరాలు కనిపించాయి. పెళ్లిరోజు మరిచిపోయానేమో అని వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. అది వేసవిలో. ఇంతలో నీరజ మిర్యాలగూడ నుంచి పండ్ల సంచితో దిగింది. గుమ్మంలోనే అన్న చెయ్యి పట్టుకుని, అరచెయ్యి తిప్పి చూసి, "తెల్లగైపోయినవ్ అన్నా" అని ముక్కు చీదింది.

"సిమెంటమ్మా" అన్నాడు జవహర్.

చెయ్యి కడుక్కునేలోగా సూర్యాపేట నుంచి బామ్మర్ది లింగ్యా ఫోన్ చేశాడు. లింగ్యాకు అక్కడ ఆటోల అడ్డా మీద మంచి పలుకుబడి.

"బావా, ఏం పరేషాన్ కాకు. అక్క అంతా చెప్పింది. పన్నెండు మంది రెడీ ఉన్నరు. రేపు తొమ్మిదింటికి సూర్యాపేట రాండ్రి."

జవహర్‌కు ప్రాణం లేచొచ్చింది. జమునకు ఎట్లా తెలిసిందో అడగాలని కూడా తోచలేదు. "కొత్తోళ్లేనా? ఇంతకుముందు ఇయ్యలే గదా?"

"ఒక్కసారి గూడ ఇయ్యలే. అందరు ఆరోగ్యంగ ఉన్నోళ్లే."

"ఆరోగ్యానిదేముంది గాని, ఫోన్లు తెచ్చుకోమను."

"ఫోన్లెందుకు బావా?"

"ఫోన్ లేకుంటే ఎట్లయితది లింగ్యా? ఛార్జింగ్ గూడ ఫుల్లు పెట్టుకోమను."

లింగ్యా అక్కకు విడిగా ఫోన్ చేసి, రక్తం తగ్గితే మెదడుకు కూడా ఎక్కుతుందా అని అడిగాడు.

శనివారం తొమ్మిదింటికి జవహర్, జమున, మంగ్లీ, నీరజ ఎక్కిన ఆటో సూర్యాపేటలో ఒక దవాఖాన ముందు ఆగింది. ఏదో ఆఫీసు అనుకుని వచ్చిన జవహర్ బోర్డు చూసి తెల్లబోయాడు. లోపల వరండాలో పన్నెండు మంది కాదు, ఇరవై మంది ఉన్నారు. లింగ్యా అడ్డా దోస్తులు, మేళ్లచెరువు నుంచి పొద్దున్నే బయలుదేరిన బిక్షపతి, మరో ముగ్గురు ఫ్యాక్టరీవాళ్లు, జవహర్ వాళ్ల తండా నుంచి నెత్తికి రుమాలు చుట్టుకుని వచ్చిన ఫకీరా కాకా. జవహర్ నోరు తెరిచేలోగా ఇద్దరు రెండు రెక్కలు పట్టి కుర్చీలో కూలేశారు, మూడోవాడు చొక్కా చెయ్యి మడిచాడు. సూది దిగింది. దాతల వరసలో మొట్టమొదట జమున నిలబడి తన రక్తం కూడా పరీక్షకు ఇచ్చింది.

అరగంటకు డాక్టరమ్మ కాగితాలతో బయటికొచ్చింది.

"రక్తం తక్కువున్న మనిషి ఎవరు?"

ఇరవై వేళ్లు జవహర్ వైపు తిరిగాయి.

"ఈయనకు పద్నాలుగున్నర ఉంది. అవసరమైతే ఈయనే ఇంకొకరికి ఇయ్యొచ్చు."

"మరి పాయింట్లు తక్కువున్నయని ఫోన్ల చెప్పినవ్ గదా" అంది జమున. "రేపు దాటితే ఖతమన్నవ్. పైకి పోతనన్నవ్."

"విమానం పాయింట్లు జమునా" అన్నాడు జవహర్. "యాడిని, నిన్ను ఢిల్లీ విమానం ఎక్కిద్దామని." రెండేళ్ల కార్డు కథ అంతా చెప్పాడు. వింటున్నకొద్దీ నీరజ ఏడుపు ఆపి కోపంగా చూసింది. తన ఆటో కిరాయిలు వదులుకుని వచ్చిన ఒకతను లింగ్యా వైపు చూశాడు. లింగ్యా గోడ వైపు చూశాడు.

"జమున అంటే ఎవరమ్మా?" అంది డాక్టరమ్మ, రెండో కాగితం తీసి. "నీకు ఆరు పాయింట్ ఎనిమిది ఉంది. మెట్లెక్కితే ఆయాసం వస్తలేదా?"

జమున తల దించుకుంది. "పనెక్కువై అనుకున్న మేడమ్."

"ఏం పని చేస్తవ్?"

"అంగన్‌వాడీ టీచర్ మేడమ్, రక్తం గోలీలు పంచుతది" అని జమున కన్నా ముందే లింగ్యా చెప్పాడు.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి జమునను ఒక్క క్షణం చూసింది. "మంచి టైముకు వచ్చిండ్రు. ఇంకో రెండు నెలలు ఆగితే గుండె మీద భారం పడేది. ఇప్పుడైతే రక్తం ఎక్కించే పని లేదు, ఐరన్ ఇంజెక్షన్లతో సరిపోతది. వచ్చే నెలకు తిరుగుతవ్, విమానం గూడ ఎక్కొచ్చు."

జవహర్ వచ్చి భార్య పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. రెండేళ్లుగా తను పాయింట్లు లెక్కపెట్టుకుంటూ ఉంటే, పక్కనే ఉన్న మనిషికి తరిగిపోతున్నాయి. నిన్నటి కార్జం వేపుడు మొత్తం తనే తిన్నాడు, ఆమె ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు. జమున చెయ్యి పట్టుకుని గోరు చూశాడు. నిజంగా తెల్లగా ఉంది. డాక్టరమ్మ చెప్పిన ఆఖరి మాట మళ్లీ ఒకసారి మనసులో అనుకున్నాడు. విమానం సంగతి మరిచేపోయాడు. గుర్తుచేసింది జమునే.

"ఎన్ని తక్కువున్నయ్?"

"ఇరవై నాలుగు వందలు."

"యాడిని అడిగినవా?"

మంగ్లీ అప్పటిదాకా గోడకానుకుని అన్నీ వింటూ ఉంది. "పైసలెన్నిరా?" అంది.

"ఏం లేవు యాడీ. కానీ ఇయ్యాల వాడకుంటే అన్ని పాయింట్లు పోతయ్."

"ఊకెనే పోతయా?"

"ఊకెనే."

మంగ్లీ ఆలోచించింది. "పారబోసేటిదైతే ఎక్కుత" అంది.

జవహర్ ఫోన్ తీసి లేచాడు. పన్నెండు నంబర్లు కావాలని, ఓటీపీ వస్తుందని చెప్పాడు. ఇందాకటి వరకు ముందుకు తోసుకున్న వరస మెల్లగా వెనక్కి జరిగింది.

"అన్నా, రక్తం కావాలంటే రెండు సీసాలు తీస్కో" అన్నాడు బిక్షపతి. "ఓటీపీ మాత్రం అడగకు."

ఆటో అడ్డావాళ్లు కూడా అదే మాటన్నారు. ఒకతను భార్యనడిగి చెబుతానన్నాడు. అప్పుడు మంగ్లీ మోకాళ్ల మీద చేతులు ఆనించి, మూలుగుతూ, నీరజ భుజం పట్టుకుని నిలబడింది.

"ఒంట్ల నెత్తురు ఇయ్యనీకి పొద్దుగాల్నే వచ్చిండ్రు. గా ఆరంకెలు అంతకన్న ఎక్కువనా బిడ్డా?"

ఫకీరా కాకా రుమాలు సర్దుకుని, బొత్తాల ఫోను తీసి జవహర్ చేతిలో పెట్టాడు. "నాకు సదవరాదు. ఏమొస్తే అది నువ్వే సూస్కో." ఆ తర్వాత లింగ్యా, నీరజ, ఫ్యాక్టరీ వాళ్లు ముగ్గురు, అడ్డావాళ్లు ఐదుగురు వరసగా వచ్చారు. దవాఖాన వరండాలో ఫోన్లు ఒకదాని వెనక ఒకటి టింగుమన్నాయి. పన్నెండోవాడు బిక్షపతి. చుట్టూ చూసి, జవహర్ చెవి దగ్గరికి వంగి, అంకెలు ఒక్కొక్కటిగా గుసగుసగా చెప్పాడు.

పన్నెండున్నరకు రెండు టికెట్లు వచ్చాయి. మంగ్లీ తెర మీద తన పేరు చూపించమంది, చదవలేకపోయినా చాలాసేపు చూసింది. జమునకు మొదటి ఇంజెక్షన్ అయ్యేదాకా ఎవరూ కదల్లేదు. అడ్డావాళ్లు వచ్చింది ఎట్లాగూ వచ్చామని రక్తం ఇచ్చే వెళ్లారు. నీరజ తెచ్చిన దానిమ్మ పండ్లు ఈసారి జమున ముందు ఒలిచి పెట్టింది జవహరే, ఆమె ఆఖరి గింజ తినేదాకా లేవలేదు.

మూడు వారాలకు జమున పాయింట్లు పదికి వచ్చాయి. అత్తాకోడళ్లు శంషాబాద్‌లో విమానం ఎక్కి ఢిల్లీలో దిగారు. రెండో రోజుకే సగం సరుకు అమ్ముడుపోయిందనీ, యాడి మోకాళ్లు బాగున్నాయనీ జమున ఫోన్ చేసి చెప్పింది. జవహర్ ఆ సంతోషంలో ఉండగానే తండా నుంచి ఫకీరా కాకా ఫోన్ వచ్చింది.

"జవహర్, గా విమానమోళ్లు రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి నన్ను దుబాయ్ రమ్మంటుండ్రు. నాట్లు పడ్డంక సూద్దామని జర చెప్పు బిడ్డా."