కర్త లేని వాక్యం

ఊళ్లోని యువతీ యువకులలో బాధ్యత బాగా తగ్గిపోయిందని పోలీసు శాఖవారు గుర్తించి, దానిని ఒక్క వారంలో పూర్వస్థితికి తేవాలని నిర్ణయించిన సంగతి పాఠకులకు తెలిసిందే. ఈ మహత్తర కార్యక్రమానికి 'బాధ్యతా వారోత్సవాలు' అని పేరు పెట్టారు. కూడలి కూడలికీ బ్యానర్లు కట్టారు. బ్యానర్లు అడ్డొచ్చి సిగ్నల్ దీపాలు కనిపించకపోవడంతో ఎర్రదీపం దాటిన కుర్రకారు సంఖ్య మొదటి రోజే రెట్టింపయింది. కార్యక్రమం ఎంత అవసరమో దీన్నిబట్టే తేలిపోయిందని ఇన్‌స్పెక్టరు గారు సంతోషించారు.

ఇన్‌స్పెక్టరు గారు మనసున్న మనిషి. బండి మీద ముగ్గురెక్కినా, పార్కు గోడెక్కి కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నా, పాతికేళ్లలోపు పిల్లలు కాబట్టి కేసులూ కోర్టులూ లేకుండా కాస్త 'సేవ' చేయించి వదిలేద్దామని ఆయన ఉద్దేశం. ఏం సేవ చేయించాలో మొదట తోచలేదు. తర్వాత, వారోత్సవాల ముగింపు సభకు కుర్చీలు వేసేవాళ్లు లేరని తెలిసింది. అప్పట్నుంచీ పట్టుకునే పని చురుగ్గా సాగింది.

ఆ ముగింపు సభకు ప్రధాన వక్త వ్యాకరణం మాస్టారు. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయిన ఈయన, యువత గురించీ బాధ్యత గురించీ మాట్లాడటం మొదలుపెడితే మైకు వేడెక్కాల్సిందే తప్ప ఆయన చల్లబడరు. మాస్టారి సిద్ధాంతం చాలా తేలిక. మనవాళ్లు ఏదీ 'చెయ్యరు', అన్నీ వాటంతటవే 'అయిపోతాయి'. పాలు పొంగిపోతాయి, బస్సు తప్పిపోతుంది, పరీక్ష పోతుంది. దేశానికి పట్టిన జబ్బు ఇదేనని మాస్టారి నమ్మకం. ఇంట్లో ఎవరైనా "గ్లాసు పడిపోయింది" అంటే, "దానికేమైనా కాళ్లున్నాయా? పడేశాను అను!" అని అక్కడికక్కడే దిద్దేవారు. అందుకే ఆయన భార్య గ్లాసు పడినప్పుడల్లా నోరు మూసుకుని ముక్కలు ఏరుకోవడం అలవాటు చేసుకుంది. ఒక్కగానొక్క కొడుకు మాత్రం నాన్న చెప్పినట్టే మాట్లాడుతూ పెరిగాడు. ఎక్కడ ఆపాలో వాడికెవరూ చెప్పలేదు.

ఈ కొడుకు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఒక సాయంత్రం, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, బండి తిప్పకూడదని బోర్డున్న చోటే బండి తిప్పాడు. హ్యాండిల్ వెళ్లి, యువతకు సాయపడటం కోసం పోలీసువారు కొత్తగా పెట్టిన గాజు గదికి తగిలింది. అద్దం భళ్లుమంది. కుర్రాడు వెనక్కి చూడకుండా ఉడాయించాడు.

గదిలో ఉండాల్సిన కానిస్టేబులు అప్పుడు బ్యానరు కట్టడానికి వెళ్లి ఉన్నాడు. గదికి కెమెరా ఉంది గానీ, అది ప్రారంభోత్సవం నాటి శిలాఫలకం వైపు తిరిగి ఉండటం వల్ల, ఆ ఫలకాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదనే సంగతి మాత్రం నిస్సందేహంగా రుజువైంది. సరిగ్గా ఆ సమయంలో వెనకాల వస్తున్న ఓ పార్సిల్ కుర్రాడు, లోపల ఎవరికైనా గాజు గుచ్చుకుందేమోనని బండి ఆపి, కన్నంలో తల పెట్టి చూశాడు. కానిస్టేబులు తిరిగొచ్చేసరికి అద్దంలో కన్నం, కన్నంలో తల కనిపించాయి. దర్యాప్తు పూర్తయింది.

స్టేషన్లో రాతకోతలన్నీ చూసే రైటరు, "పార్సిల్ కుర్రాడు అద్దమును పగలగొట్టెను" అని గుండ్రటి అక్షరాల్లో రాశాడు. బండి స్టేషన్ ఆవరణలో పెట్టించారు. కుర్రాణ్ణి వారోత్సవాలు అయ్యేదాకా సభాభవనంలో కుర్చీల సేవకు పంపారు. బండి లేనివాడికి పార్సిళ్లు ఇవ్వం, వారం దాటితే పేరు తీసేస్తాం అని వాడి కంపెనీవాళ్లు ఫోన్ చేసి చెప్పారు. బాధ్యత అంటే ఏమిటో ఆ విధంగా వాడికి బాగా అర్థం కాసాగింది.

ఈ కబురు కూడలిలో విన్న మాస్టారి కొడుక్కి అన్నం సయించలేదు. మర్నాడు మాస్టారు ఉపన్యాసం రాసుకుంటుంటే బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, ఆ గాజు గది అద్దం నేను పగలగొట్టాను."

మాస్టారు తలెత్తకుండానే మెచ్చుకోలుగా తలూపారు. వాక్యం ముచ్చటగా ఉంది. కర్త, కర్మ, క్రియ, ఎక్కడివక్కడ కుదిరాయి. తర్వాత కాసేపటికి అర్థం కూడా తలకెక్కింది. కలం పక్కన పెట్టేశారు.

"తలుపు వెయ్యవే," అన్నారు భార్యతో.

"నేనే పగలగొట్టాను నాన్నా. వాణ్ణి పట్టుకున్నారు. స్టేషన్‌కెళ్లి చెప్పేస్తాను."

"చెప్తావు సరే. ఏమని చెప్తావు? పగలగొట్టడమంటే కావాలని చెయ్యాలిరా. నువ్వు కావాలని చేశావా?"

"లేదు."

"మరింకేం! పగలగొట్టలేదు, పగిలింది. భాష తెలియకపోతే ఇలాగే చిక్కుల్లో పడతారు."

"మరి ఆ పార్సిల్ అబ్బాయి మీద పగలగొట్టాడనే రాశారట కదా నాన్నా? అసలు తగల్లేదు కూడా వాడి బండి."

"అది వాళ్ల వ్యాకరణం. మనకెందుకు?"

"వాడి ఉద్యోగం పోతుంది."

తల్లి అందుకుంది. "అయినా వాణ్ణెవరు ఆగమన్నారు? నువ్వాగావా? బంగారం లాంటి పిల్లాడివి, నీ దారిన నువ్వు వచ్చేశావు. ఎవరి పని వాళ్లు చూసుకుంటే ఈ గొడవే లేకపోను."

కొడుకు వినలేదు. చెప్పులేసుకుని బయల్దేరాడు. మాస్టారు చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకుంటూ వెనకే పరుగెత్తారు.

స్టేషన్లో రైటరు ఆ అబ్బాయి చెప్పినదంతా విని జాలిపడ్డాడు. "రాసేశాం కదా బాబూ. ఒక్క అద్దాన్ని ఇద్దరు విడివిడిగా ఎలా పగలగొడతారు? ముందే రావాల్సింది," అన్నాడు. ఇంతలో ఇన్‌స్పెక్టరు గారు లోపల్నుంచి మాస్టారిని చూసి లేచి కుర్చీ వేయించారు. సంగతి విన్నారు. నవ్వారు.

"మీ అబ్బాయా! పోనీలెండి మాస్టారూ, చిన్నపిల్లాడు."

పార్సిల్ కుర్రాడు ఈ చిన్నపిల్లాడి కంటే ఏడాది చిన్న. అది కేవలం వయసుకు సంబంధించిన విషయం కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అయితే ఆ అబ్బాయి కదలనన్నాడు. తను చెప్పింది కాగితం మీద పెడితేగానీ వెళ్లనని బెంచీ మీద కూర్చున్నాడు. ఏం రాయాలో రైటరుకు పాలుపోలేదు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. ఆయన చెప్తుంటే రైటరు రాశాడు: "సదరు సాయంత్రము సదరు యువకుడు అటుగా ప్రయాణించుచుండగా, అద్దము పగిలి ఉండెను."

"పగిలి ఉండెను!" అని రైటరు పరవశించిపోయాడు. "ఎన్నేళ్ల సర్వీసు నాది! ఈ మాట తట్టలేదండీ. ముందే పగిలిందా, అప్పుడు పగిలిందా, ఏదీ లేదు. ఎంత హాయిగా ఉంది!"

అద్దానికి సంబంధించి ఇప్పుడు రెండు వాక్యాలున్నాయి. కర్త లేని వాక్యం మాస్టారి కొడుకు వాటాకు వచ్చింది. కర్త ఉన్న వాక్యం సభాభవనంలో కుర్చీలు మోస్తోంది. కాగితం మీద పెట్టాం కదా అని పంపేస్తే, కొడుకు దారి పొడవునా తండ్రికి పదడుగుల ముందు నడిచాడు. మాస్టారు మాత్రం కులాసాగా ఉండటానికి చాలా ప్రయత్నించారు.

ముగింపు సభ ఘనంగా జరిగింది. కుర్చీలు చక్కగా వేశారని అందరూ మెచ్చుకున్నారు. ఇన్‌స్పెక్టరు గారు మాట్లాడుతూ, "ఈ వారంలో మేము పట్టుకొన్న యువత సంఖ్యను బట్టి చూస్తే, మన యువతలో బాధ్యత ఏ స్థాయికి పెరిగినదో మీరే ఊహించుకొనవచ్చును!" అన్నారు. ఊహించుకున్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

తర్వాత మాస్టారు లేచారు. "సోదర సోదరీమణులారా! కర్త లేని వాక్యం తల లేని మొండెం! తప్పు జరిగింది అనేవాడు పిరికివాడు. తప్పు చేశాను అనేవాడే పౌరుడు! ఏడీ, అటువంటి యువకుడు ఒక్కడైనా ఈ సభలో ఉన్నాడా?" అని గర్జించి, అలవాటు ప్రకారం మంచినీళ్లు తాగడానికి ఆగారు. ఆ ప్రశ్నకు ఏ ఊళ్లోనూ ఎవరూ జవాబు చెప్పిన పాపాన పోలేదు.

"ఉన్నాను," అని వెనక వరుసలో కొడుకు లేచాడు. "గాజు గది అద్దం నేను పగలగొట్టాను. భయపడి పారిపోయాను. ఏం జరిగిందోనని ఆగినవాణ్ణి పట్టుకున్నారు. ఈ కుర్చీలన్నీ వేసింది వాడే."

మాస్టారికి నీళ్లు గొంతులో అడ్డం పడ్డాయి. అంతలో ముందు వరుసలో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆ తర్వాత హాలు హాలంతా హోరెత్తింది. ప్రేక్షకుల మధ్యలోంచి పాత్ర లేచి మాట్లాడే కొత్తరకం నాటిక ఇదని అందరికీ ఒక్కసారిగా అర్థమైపోయింది. నిజజీవితంలో అలా లేచి ఒప్పుకునేవాళ్లుంటారా? ఓ పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. గొంతులో ఆ వణుకు ఎలా తెప్పించాడోనని పక్కావిడ ముక్కున వేలేసుకుంది.

"ఇది నాటకం కాదండీ!" అన్నాడు కొడుకు. చప్పట్లు రెట్టింపయ్యాయి.

మాస్టారు వేదిక మీద చెమటలు కక్కుతూ నిలబడ్డారు. మైకు చేతిలోనే ఉంది. ఒక్క నమస్కారం పెట్టి కూర్చుంటే ఇంటిల్లిపాదికీ గౌరవం. కొడుకు మొహం చూశారు. వాడు ఏడుస్తున్నాడు. ఈ సభలో వాడొక్కడే తన ఉపన్యాసాన్ని నిజంగా విన్నాడని ఆయనకు అప్పుడు తెలిసింది. తల కొట్టేసినట్టయింది.

"అయ్యా... అది నాటకం కాదు. మావాడే పగలగొట్టాడు," అన్నారు మైకులోనే.

జనం లేచి నిలబడి మరీ చప్పట్లు కొట్టారు. తండ్రి పాత్ర కూడా ఉందని ఎవరూ ఊహించలేదు. సహజ నటనకు అప్పటికప్పుడు ఓ ప్రత్యేక బహుమతి ప్రకటించి, తండ్రీ కొడుకులు చెరో పక్కా పట్టుకునేలా ఒకే జ్ఞాపిక ఇచ్చి, ఇన్‌స్పెక్టరు గారు మధ్యలో నిలబడి ఫోటో తీయించుకున్నారు.

జనం వెళ్లాక పార్సిల్ కుర్రాడు కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేరుస్తున్నాడు. మాస్టారు కొడుకును వెంటబెట్టుకుని వాడి దగ్గరికి వెళ్లారు.

"బాబూ, నీకు చాలా అన్యాయం జరిగిపోయిందయ్యా."

వాడు కుర్చీ దించి ఆయన వంక చూశాడు. వెటకారమేమీ లేదు, నిజంగానే అడిగాడు. "ఎవరు చేశారు సార్?"

మాస్టారు అటు చూశారు, ఇటు చూశారు. ఇంతకాలం ఆయన చేసిన ఉద్యోగం పిల్లల చేత ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పించడానికే. "అద్దం వీడు పగలగొట్టాడు. వీడి పేరు రాకుండా నేను రాయించాను. నీ పేరు మాత్రం అలాగే ఉంచేశాను. నేను చేశానయ్యా," అన్నారు చివరికి. అంత చిన్న వాక్యం ఆయన జీవితంలో ఎప్పుడూ అంత కష్టపడి చెప్పలేదు.

"సరే సార్," అన్నాడు వాడు. "మరి నా బండి?"

ముగ్గురూ స్టేషన్‌కి వెళ్లారు. ఇన్‌స్పెక్టరు గారు చాలాసేపు తల పట్టుకున్నారు. మాస్టారి కొడుకు దోషి అయితే బహుమతి ఇచ్చింది దోషికి. ఫోటో అప్పటికే పత్రికకు వెళ్లిపోయింది. పార్సిల్ కుర్రాడు నిర్దోషి అయితే వారమంతా కుర్చీలు మోసింది నిర్దోషి. శాఖ పరువేం కాను? చివరికి రైటరే గట్టెక్కించాడు. కొత్తగా నేర్చుకున్న విద్య అక్కరకొచ్చింది. "అద్దము విషయమై కొంత పొరపాటు జరిగి ఉండెను. బండి విడుదల కాబడెను" అని రాశాడు. పార్సిల్ కుర్రాడు బండి తుడుచుకుని, స్టార్టయ్యేదాకా తొక్కి, మళ్లీ ఎవరి మనసైనా మారుతుందేమోనని వెంటనే వెళ్లిపోయాడు.

"మరి నా జరిమానా?" అన్నాడు కొడుకు.

"నీ మీద కేసు లేకుండా జరిమానా ఎలా కడతావయ్యా? చట్టమంటే ఆటలుగా ఉందా?" అని ఇన్‌స్పెక్టరు గారు కసురుకుని పంపేశారు.

ఆ అబ్బాయికి నిద్ర పట్టలేదు కాబోలు, రెండు రోజులు చూసి, అద్దాల షాపులో కొలత చెప్పి కొత్త అద్దం కోయించి, తనే మోసుకెళ్లి గాజు గదికి బిగిస్తుండగా, కానిస్టేబులు చెయ్యి పట్టుకున్నాడు. వారోత్సవాలు ముగియడంతో సేవా పథకం లేదు గనుక, ఈసారి కేసే రాశారు: "నిందితుడు అనుమతి లేకుండా పోలీసు శాఖవారి గదికి తన సొంత అద్దమును బిగించెను." జరిమానా కూడా వేశారు. కుర్రాడు నవ్వుతూ కట్టాడు. మాస్టారు ఆ వాక్యాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, దిద్దడానికి ఏమీ లేదని ఒప్పుకున్నారు.

అద్దం అసలు ఎవరు పగలగొట్టారన్నది మాత్రం ఏ కాగితం మీదా లేదు. ఊళ్లో ఎవరూ అడగలేదు కూడా. అలా అడిగే అలవాటు మనకు ఎప్పుడో పోయింది. మనమే పోగొట్టుకున్నామని ఇక్కడెవరూ అనడం లేదు, పాఠకులు నొచ్చుకోవద్దు. పోయింది, అంతే.