తిమింగలం తోక

ఆ పొద్దున ఎబర్‌హార్డ్ చిర్ష్ వేసుకున్న పథకం చిన్నదే: గడ్డం గీసుకోవడం, టై కట్టుకోవడం, చరిత్రకెక్కడం. నీడర్‌బ్రున్ మొరావియన్ క్రైస్తవ సంఘంలో, దూరదేశాల మిషనరీల జ్ఞాపకాలు దాచే మిషన్ గది అతని అజమాయిషీలో ఉంది. సంఘపెద్దలు ఆ గది ఖాళీ చేయించి సైకిళ్లు పెట్టుకోవాలని చూస్తున్నారు. సువార్త తడిసినా ఫరవాలేదు, వాళ్ల సైకిలు సీట్లు తడవకూడదు. వాళ్లకు అడ్డం పడగలిగింది ఒక్క కవరు. నూటయాభై ఏళ్ల కిందట కెనడాలోని లాబ్రడార్ మంచులోంచి ఓ మిషనరీ పంపింది. దానిమీద నల్లటి తిమింగలం ముద్ర, తల స్టాంపు మీద, తోక కాగితం మీద. మధ్యాహ్నం లైప్‌జిగ్ నుంచి పోస్టు ముద్రల పండితుడు డాక్టర్ ఊలిగ్ వచ్చి అరుదైనదని రాసిస్తే గది దక్కుతుంది.

ముడతలు పోవాలని కవరును హాల్లో బల్లమీద, కీర్తనల పుస్తకం కింద పెట్టి వెళ్లాడు. ఆ రోజు మంగళవారమని మరిచాడు. మంగళవారం ఆ బల్ల సంఘం ఆడవాళ్లది. పాత కవర్ల స్టాంపుల్ని బొటనవేలంత అంచుతో కత్తిరించి, నానబెట్టి, మిషన్ కోసం అమ్మడం వాళ్ల ముత్తవ్వల నాటి భక్తి.

గడ్డం గీసుకుని తిరిగొచ్చేసరికి పెద్దమ్మ రోస్వితా కత్తెర తుడుస్తోంది. తిమింగలం తోక చెత్తబుట్టలో ఉంది. తల వందలాది స్టాంపులతో కలిసి నీళ్ల తొట్టెలో ఈదుతోంది.

"పెద్దమ్మా, అది కత్తిరించేది కాదే."

"స్టాంపుందా, లేదా?"

"ఉంది."

"మరింకేం."

చొక్కా చేతులతో సహా తొట్టెలో దిగి తలను పట్టాడు. ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టాడు. జిగురు దొరక్క, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులో బన్నులకు పూసే పంచదార పాకంతో, చెత్తబుట్టలోంచి తీసిన తోక కవరుకు అతికించాడు. కంగారులో తల తిరగబడి అతుక్కుంది. అంతలో ఊలిగ్ ముందు రైలుకే దిగబడ్డాడు. ఎబర్‌హార్డ్ చేతికందిన కాఫీ కప్పును సాసరుతో సహా కవరు మీద పెట్టేశాడు. పెద్దమ్మ మర్యాదస్తురాలు. ఆ కాఫీనే తీసి అతిథి చేతిలో పెట్టింది. పాకానికి అంటుకుని సాసరు అడుగున కవరు వేలాడింది.

ఊలిగ్ దాన్ని మెల్లగా ఊడదీసి, ఎవరు కత్తిరించారని అడిగాడు. 

"నేనే," అంది పెద్దమ్మ. "మా అమ్మా కత్తిరించింది, వాళ్లమ్మా కత్తిరించింది. ఈ ఊరికొచ్చిన ఒక్క కవరునూ వదిలిపెట్టలేదు."

ఊలిగ్ కుర్చీలో కూలబడ్డాడు. "ఈ తలలు యూరప్‌లో ప్రతివాడి దగ్గరా ఉన్నాయమ్మా. తోక ఎవడూ చూడలేదు. ఆ తలను చూసి, ఇది బంగాళాదుంప ముద్ర అని నేను పుస్తకం కూడా రాశాను."

"తోకలు పొయ్యిలో వేశాం. చలికాలం కదా."

ఉన్న ఒక్క తోకా ఇదేనని, ఇంత అరుదు కావడానికి ఈ బల్లే కారణమని రాసిస్తానని ఊలిగ్ ఒప్పుకున్నాడు. పెద్దలు సైకిళ్ల మాట వెనక్కి తీసుకున్నారు. గదిని మాత్రం చరిత్ర సృష్టించిన ఆడవాళ్ల కత్తెర మండలికి అప్పగించి, ఊడ్చే పని ఎబర్‌హార్డ్‌కు వదిలారు.

తర్వాతి మంగళవారం ఊలిగ్ ధ్రువపత్రం పోస్టులో వచ్చింది. ఎబర్‌హార్డ్ చేతికి చేరేసరికి, కవరు విప్పకుండానే కత్తిరించిన స్టాంపుతో పాటు లోపలి సంతకమున్న మూల కూడా తొట్టెలో నానుతోంది.